తుపాకిలో మట్టె

కొత్తవాడలో కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్లు నలుగురున్నా, మొండి మిషన్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. గొప్పకు చెప్పడం లేదు, చెప్పినా తప్పేం లేదు. మా నాయన సుందర్ రావు నేర్పిన పని అది. తాను బిగించిన ప్రతి భాగం మీదా ఆయన సూదిమొనతో చిన్న సిలువ గీసేవాడు. నేనూ గీస్తాను. సిలువ గీసిన పని మళ్లీ మరమ్మతుకు రాకూడదు, అది మా ఇంటి పరువు.

1979లో దసరా పది రోజులుందనగా పాలంపేట నుంచి ఎల్లస్వామి వచ్చాడు. అంతకుముందు వాళ్ల మిషన్ బాగుచేశాను, ఆ పరిచయం. ఈసారి గోనెసంచిలో చుట్టి పాయింట్ టూటూ రైఫిల్ తెచ్చాడు. లైసెన్సు కాగితం జేబులో ఉంది. వెంట వాళ్ల వదిన సమ్మమ్మ వచ్చి గడప దగ్గరే కూర్చుంది.

"ప్రభుదాసన్నా, దీని ట్రిగ్గర్ జర అల్కగ చెయ్యాలె. పందులు వరిల పడుతానయి. ఇది పేలేటాళ్లకు అవి అడివిల ఉంటానయి" అన్నాడు ఎల్లస్వామి.

నేను గుంజి చూశాను. వేలు ఎర్రబడింది గానీ ట్రిగ్గర్ కదల్లేదు.

"ఎప్పటి సంది ఇట్లుంది?"

"మా అన్న రాయమల్లు దీంతోనే పోయిండు. పద్దెనిమిదేండ్లాయె. గప్పటి సంది మొండికేసింది."

నాకు నవ్వొచ్చింది. ఇనుముకు దుఃఖమేమిటి? పైనుంచి కిందిదాకా పసుపు, కుంకుమ, నూనె పేరుకుని ఉన్నాయి. ఏటా ఆయుధపూజ చేసి చేసి దాని గొంతు పూడ్చేశారని చెప్పాను.

అప్పుడు సమ్మమ్మ నోరు విప్పింది. "మా ఇంట్ల ఆకలితోని ఉన్న తుపాకికి పూజ చెయ్యరు బిడ్డా. తూటా పెట్టే చేస్తరు. లోపట ఏదన్న దొరికితే అట్లనే ఉంచు. తియ్యకు."

నా పని నాకు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. "లోపట ఏముంటదమ్మా, దయ్యమా? ఉంటే గ్లాసుల పోసి ఇస్త" అన్నాను. ఆమె నా ముఖంలో ఎవరినో వెతుకుతున్నట్టు చాలాసేపు చూసి లేచిపోయింది.

మర్నాడు విప్పాను. కుంకుమ ముద్ద కింద, ట్రిగ్గర్ స్ప్రింగుకు ఆనుకుని నల్లటి లోహపు ముక్క ఒకటి దొరికింది. ఎవడో నాటు పనివాడు ఇరికించాడనుకుని తీసి గుండీల డబ్బాలో పడేశాను. తూటాను గుద్దే పిన్నును పట్టి ఆపే కొక్కేన్ని సానరాయి మీద నునుపు చేసి బిగించాక, ట్రిగ్గర్ వేలు తగిలితే చాలన్నట్టు తయారైంది. బోల్టు ఎక్కించి, తుపాకి పిడిని నేలకు కొట్టి చూశాను. అంత అదిరినా పిన్ను పడలేదు. చాలా సంతోషపడ్డాను. లోపల నా సిలువ గీశాను.

ఖాళీ తుపాకిని బోల్టు ఎక్కించి బల్ల మీద పెట్టి అన్నానికి కూర్చున్నాను. నా భార్య రూతు నీళ్ల బిందెతో బల్ల ముందు నుంచి వెళ్లింది.

టక్.

పిన్ను పడింది. ఎవరూ ముట్టలేదు. "పక్కింట్ల మగ్గం చప్పుడు కావచ్చు" అంది రూతు. పక్కింటి జంపఖానాల మగ్గం దారం లేక వారం రోజులుగా ఆగే ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మళ్లీ ఎక్కించాను. గంటసేపు ఏమీ కాలేదు. పిల్లి గొట్టం ముందు నుంచి దాటగానే టక్. మూడోసారి నేనే దాటాను. వెనక నుంచి పదిసార్లు నడిచినా పడనిది, ముందు నుంచి ఒక్క అడుగు వేయగానే పడింది. అడుగు పడితే నేలబండ కదులుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్లీ విప్పితే నా చేతిపని తప్పని ఒప్పుకున్నట్టే కదా. ఎల్లస్వామి వచ్చినప్పుడు ఆ మాటే ఎత్తలేదు. "లోపట ఇరికిన చెత్త తీసేసిన, ఇగ పువ్వు లెక్క పేలుతది" అని చెప్పి పంపించాను.

దసరా ముందు రోజు సాయంత్రం రూతు గుండీ కోసం డబ్బా వెతుకుతూ ఆ నల్లముక్కను బూడిదతో తోమింది.

"ఏమండీ, ఇది వెండి. కాలి మట్టెను కోసిన ముక్క."

భూతద్దం పెట్టి చూశాను. ఆ వెండి మీద సూదంత సిలువ ఉంది.

అది మా నాయన చెయ్యి. ఆయన పోయి ఆరేళ్లయింది. దసరా నాడు ఊరంతా పండగ చేసుకుంటుంటే ఆయన మాత్రం షాపు మూసి మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. క్రైస్తవుడికి దసరా ఉపవాసమేమిటని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. ఆ రాత్రి నాకు నవ్వు రాలేదు.

తెల్లవారి మొదటి బస్సుకు ములుగు చేరి, అక్కడ కాళ్లావేళ్లా పడి ఒక లారీ ఎక్కాను. చొక్కా జేబులో వెండి ముక్క, చేతిసంచిలో పనిముట్లు ఉన్నాయి. తూటా పెట్టే పూజ చేస్తరు అన్న మాట దారంతా చెవిలోనే ఉంది. ఎల్లస్వామికి ఏమన్నా అయితే చంపింది నేనే.

పాలంపేటలో వాళ్ల వాకిట్లోకి ఉరికేసరికి పూజ నడుస్తోంది. అరుగు మీద పీట, పీట మీద తుపాకి, గొట్టానికి బంతిపూలు. ఎదురుగా ఎల్లస్వామి కొబ్బరికాయ ఎత్తి ఉన్నాడు. అతనికీ గొట్టానికీ మధ్య, గొట్టానికి రొమ్ము ఆనించినంత దగ్గరగా సమ్మమ్మ కూర్చుని ఉంది.

"కాయ కొట్టకు" అన్నాను.

"వదిన ఏటా గట్లనే కూసుంటదన్నా. భక్తి" అన్నాడు ఎల్లస్వామి, నా వాలకం అర్థం కాక.

పక్కగా వెళ్లి బోల్టు వెనక్కి లాగాను. తూటా నా అరచేతిలో పడింది. దాని అంచు మీద పిన్ను గుద్దిన గుంట ఉంది, కొత్తది, తళతళలాడుతోంది. పిన్ను ముందే పడింది. మందు అంటుకోలేదు, అంతే. తూటాను పిడికిట్లో పట్టుకుని అక్కడే అరుగు అంచున కూర్చున్నాను.

"నేను కూసోంగనే టక్ మన్నది" అంది సమ్మమ్మ. ఎప్పటి మాటో చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "మా ఆయన ముంగట కూసున్ననాడు గూడ గంతే. కాయ కొట్టకముందే పేలింది. అల్కగ చేసింది మీ నాయిననే. మూడోనాడు వచ్చి నా కాళ్లకాడ పడి ఏడ్సిండు. ఇగ ఇది ఎవ్వల వేలుకు లొంగొద్దమ్మా అని నా మట్టె అడిగి, కోసి లోపట పెట్టిండు."

"మరి నాకెందుకు చెప్పలె అమ్మా?"

"మీ నాయిన పేరు చెడనియ్యనని ఆయనకు మాటిచ్చిన. షాపు మూతపడితే మీరెట్ల బతుకుదురు?"

నేను గ్లాసులో దయ్యం పోసిస్తానన్న మనిషి ఈమె. నేను లోపలి ముక్క తీసేశానని తెలిసి కూడా, నాయనకిచ్చిన మాట కోసం, మరిదికి అడ్డంగా గొట్టం ముందు కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఎల్లస్వామి కొబ్బరికాయ కింద పెట్టి అటువైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ వాకిట్లోనే విప్పి, నాయన పెట్టిన ముక్కను దాని చోట్లో పెట్టాను. సమ్మమ్మ కొంగుముడి విప్పి రెండో మట్టె నా ముందు పెట్టింది.

"ఇది గూడ పెట్టు బిడ్డా. ఒక్కటుంటే చెత్త అనుకుని తీస్తరు."

కోసి పెట్టాను. దాని మీదా సిలువ గీశాను. తర్వాత ట్రిగ్గర్ రెండు వేళ్లతో గుంజినా రాలేదు.

అప్పటినుంచి దసరా నాడు నేను షాపు తెరవను, మంచినీళ్లు ముట్టను. ఆ రోజు రూతు బల్ల ముందు నుంచి నడవదు, గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్తుంది.