ఉత్తర బురుజు

పొద్దున్నే రొట్టె కోస్తూ వాల్‌బుర్గా మొగుణ్ణి అడిగే మొదటి మాట, "ఇవాళ ఎక్కడ?" అని.

ఎబెర్‌హార్ట్ చక్రవర్తిగారి ఆస్థాన స్థపతి. కొండమీది కోట ఎక్కడ బీటలిచ్చినా ఆయనకి ఒంట్లో తెలిసిపోతుంది. "మోకాలు. దక్షిణం మెట్లయ్యుంటాయి," అంటాడు. కబురందగానే మేస్త్రి యోస్ట్ సున్నం కలుపుకుంటాడు. కోటలో పొగగొట్టం పూడిందంటే ఈయనకి దగ్గు. సంతలో జనం ఈయన ముఖం చూసే కోట కులాసా కనుక్కుంటారు.

కోటలో కట్టడానికైనా కూల్చడానికైనా మొదటి సుత్తిదెబ్బ స్థపతిదే. దెబ్బ వేసినవాళ్ల ఒంటికి ఆ భాగం వచ్చేస్తుంది, పాతవాళ్లకి విడుదల. ఏ అవయవానికి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఉత్తర బురుజు పాత స్థపతికి వట్టి కాలి బొటనవేలు. ఎబెర్‌హార్ట్‌కి గుండె.

ఆ వసంతంలో చక్రవర్తిగారికి ఉత్తర బురుజు గులాబీతోటకి అడ్డంగా కనిపించింది. కూల్చెయ్యమన్నారు.

"ఆయన కోట, ఆయనిష్టం. నీకెందుకే ఆ ఏడుపుమొహం?" అన్నాడు ఎబెర్‌హార్ట్.

"దానిమీద పిడుగు పడ్డరోజు నువ్వు నా ఒళ్లో కొయ్యబారిపోయావు. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు."

"ఏం చెయ్యమంటావు మరి? కాదని ఉరెక్కమంటావా?"

వాల్‌బుర్గా క్యాబేజీ జాడీల గదిలోకెళ్లి తలుపేసుకుని కరువుతీరా ఏడ్చింది. భయమేసింది పాపం, వెయ్యదూ?

తెల్లారి బురుజు కింద మేస్త్రీలంతా టోపీలు తీసి నిలబడ్డారు. ఎబెర్‌హార్ట్ సుత్తి ఎత్తాడు. వాల్‌బుర్గా చటుక్కున లాక్కుంది.

"అమ్మగారూ, ఆడవాళ్లు వెయ్యకూడదేమో..." యోస్ట్ నసిగాడు.

"నోర్ముయ్. ఇన్నేళ్లూ ఈ కోటకి కషాయాలు కాచి పోసిందెవరు?"

"వద్దే బుర్గా," అన్నాడు ముసలి ఎబెర్‌హార్ట్. "నీకేం పోతుందో తెలీదు."

"నీకేం పోతుందో తెలుసుగా. తప్పుకో."

కొట్టింది. రాయి ఠంగుమంది.

రోజుకో వరస చొప్పున బురుజు దిగింది. సాయంత్రమయ్యేసరికి ఎబెర్‌హార్ట్ ఆమె నాడి పట్టుకు కూర్చునేవాడు. "పెళ్లయిన కొత్తలోనైనా ఇంతసేపు చెయ్యి పట్టుకున్నావా?" అని విసుక్కునేది.

ఆఖరి రాయి కొండ దిగిన సాయంత్రం ఇద్దరూ వాకిట్లో బల్లమీద బీరు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎబెర్‌హార్ట్ గుండె నిమ్మళంగా కొట్టుకుంటోంది. పెళ్లానికేసి తిరిగి ఏదో అన్నాడు. ఆమె పలకలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఆమె తాపీగా నురగ ఊదుకుంటోంది.

ఎడమ చెవి పోయింది.

ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, కుడిపక్కన కూర్చుని ఆ మాటే మళ్లీ చెప్పాడు. అప్పట్నుంచీ ఆయన చోటు అదే.