ఒట్టు పెడితే మోగుతా

నేను ఒక బూరను. ఊదే బూరను కాదు, తినే బూరెను అసలే కాదు. ఆటో అద్దం పక్కన మెడ వంచుకుని వేలాడుతూ, వెనకాల ఉన్న నల్ల రబ్బరు బుడ్డి నొక్కగానే అరిచే ఇత్తడి హారన్ని. నాకూ ఒక బుడ్డి ఉందని ముందే ఒప్పేసుకుంటున్నాను. కాకపోతే నా బుడ్డిలో ఉన్నది ఉత్త గాలి. దాన్ని నొక్కితే రోడ్డు మీద జనం తప్పుకుంటారు. మనుషులు ఎత్తే బుడ్డికైతే ఇంట్లో జనం తప్పుకుంటారు.

కుదురుగా ఉండడం నా వంశంలో లేదు. మోగని బూరను బూర అనరు, గరాటా అంటారు.

రాజమండ్రిలో ఇత్తడి పనివాళ్ల సందులో పుట్టాను. రేకును మూస మీద పెట్టి సుత్తితో కొట్టి కొట్టి నాకు నోరు తెరిపించారు. పుట్టగానే దెబ్బలు తిన్నవాళ్లకి నోరు పెద్దదవుతుందని అప్పుడే తెలిసింది. నన్ను మొదట కొన్నవాడు సోమరాజు, కాకినాడలో పుల్లైసు బండివాడు. ఎర్రటి ఎండలో నేను "పోం!" అంటే చాలు, పిల్లలు అన్నం కంచాలు వదిలేసి పరిగెత్తుకొచ్చేవారు. తల్లులు లోపలికి పొమ్మనేవారు. నేను "పోం", పిల్లలూ "పోం". అంత ఐకమత్యం నేను మళ్లీ చూడలేదు.

ఇంటింటికీ ఫ్రిజ్జులొచ్చాక సోమరాజు బండి మూలపడింది. నేను నూకరాజు ఆటో ఎక్కాను.

నూకరాజు మంచివాడు. సూర్యుడు ఉన్నంతసేపూ మంచివాడే. పొద్దున్నే కూతుర్ని ఆటోలో కూర్చోబెట్టుకుని బడికి బయల్దేరేవాడు. దారిలో ఆపి, దాని జడకి రిబ్బను తనే కట్టేవాడు. పిల్ల పేరు మౌనిక. మౌనం పేరులోనే ఉంది, నోరు నాకు అక్క. ఆ రిబ్బను కడుతున్నంతసేపూ బళ్లో జరిగినవీ జరగనివీ చెప్పేది.

దీపాలు పెట్టే వేళకి నూకరాజు చేతులు మారిపోయేవి. నా బుడ్డి మీద వేళ్లు వణికేవి. ఊరికే నొక్కేవాడు, ముందు ఎవరూ లేకపోయినా నొక్కేవాడు. వైన్స్ దుకాణం ముందుకి రాగానే ఆటో దానంతటదే ఆగేది. నేను "పోం! పోం!" అని మొత్తుకునేవాణ్ణి. అతను మాత్రం పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు సందు మలుపులో నా అరుపు వినగానే అరుగుల మీదివాళ్లు తలుపులేసుకునేవారు. మౌనిక మంచం వెనక్కి చేరేది. ఒకప్పుడు ఇదే అరుపుకి పిల్లలు పరిగెత్తుకొచ్చేవారు కదా అనుకుంటే, నా ఇత్తడికి చిలుం పట్టినట్టుండేది.

ఏటేటా మాల వేసుకునేవాడు. నల్ల బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, ఆటో నిండా అగరొత్తుల పొగ. ఆ మండలం దీక్షంతా చుక్క ముట్టేవాడు కాదు. కొండ దిగి వచ్చి మెళ్లో మాల తీసిన సాయంత్రమే గొంతులో మందు పడేది. తప్పు దీక్షది కాదండి. దీక్షకి ముగించే రోజు ఉంటుంది, దాహానికి లేదు.

చివరికి అతని భార్య గంగాభవాని పెద్ద అస్త్రమే తీసింది.

"దీని తల మీద చెయ్యేసి చెప్పు, ఇంక ముట్టనని."

నూకరాజు మౌనిక నెత్తిన చెయ్యేసి ఒట్టు పెట్టాడు. మనసారా పెట్టాడు. ఆ వారం తిరక్కుండానే, అంతే మనసారా తాగాడు. ఆ వెనకే పిల్లకి టైఫాయిడ్ వచ్చింది. వీధి కొళాయిలో మురుగు కలిసిందనీ, వరసగా నాలుగిళ్లలో అదే జ్వరమనీ వాడంతా ఎరుగును. నూకరాజు మాత్రం తన ఒట్టే పిల్లని కొట్టిందనుకున్నాడు. ఆ బాధకి తాగాడు. తాగినందుకు ఇంకా బాధ, దానికి ఇంకో బుడ్డి. ఆసుపత్రిలో ఉన్న పిల్లని చూడ్డానికని బయల్దేరి, దారిలో వైన్స్ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి కల్వర్టు గోడకి గుద్దాడు. అతనికి ఏమీ కాలేదు. నా మూతి సొట్టపోయింది. అప్పట్నుంచి నా "పోం" జలుబు చేసిన బాతు అరుపులా ఉంటుంది.

పిల్ల లేచి తిరిగింది. గంగాభవాని దాన్ని తీసుకుని జగన్నాథపురంలో పుట్టింటికి వెళ్లిపోతూ ఒకే మాట అంది. "ఆ చెయ్యి మళ్లీ దీని తల మీద పెట్టకు."

నూకరాజూ ఆ మాటే నమ్మాడు. పిల్లని చూడ్డానికి జామకాయలు పట్టుకెళ్లేవాడు. అది దగ్గరికొస్తే చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు.

గుద్దిన ఆటో ఖాదర్ వలీ షెడ్డుకి చేరింది. దానికి కొత్త హారన్ బిగించి, నన్ను మూల పారేశారు. ఈ ఖాదర్ భాయ్ మెకానిక్కు. ఒకప్పుడు ఇంజన్ ఆయిల్ కంటే తన ట్యాంకే ఎక్కువ నింపేవాడట. ఇప్పుడు ఆదివారం పొద్దున షెడ్డు షట్టర్ సగం ఎత్తి, పాత టైర్లు గుండ్రంగా వేసి, తనలాంటివాళ్లని కూర్చోబెడతాడు. అక్కడ గురువు లేడు, వేదిక లేదు, పటం లేదు. అల్లం టీ ఉంది.

"నమాజ్ మసీదులో, పూజ గుళ్లో. ఎవరి దేవుడు ఆళ్లింట్లో సల్లగా ఉండాలి," అంటాడు ఖాదర్ భాయ్. "ఇక్కడ మాత్రం తాగినోడికి తాగినోడే తోడు. మానేసి ఎన్నాళ్లైందని లెక్కెట్టం. పోయిన వారం ఎలా గడిచింది, వచ్చే వారం ఎలా గడుపుతావ్, అంతే."

మాట్లాడేవాళ్ల చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. మూల ఉన్న నేను కనబడ్డాను. నన్ను పట్టుకున్నవాళ్లదే మాట. మధ్యలో ఎవరైనా సలహా విసిరితే నొక్కాలి. ఒట్టు పెట్టినా నొక్కాలి, అది తన ఒట్టయినా సరే. నా పుట్టుకకి ఇన్నాళ్లకి ఒక పద్ధతైన పని దొరికింది.

అక్కడ నాకు ఎక్కువ పని పెట్టేది పేర్రాజు గారు. రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి. విస్కీ మానేశాడు గానీ సలహాలు మానలేకపోతున్నాడు. సుభాషిణి టీచరు నిద్రమాత్రల నుంచి బయటపడుతోంది. ఆవిడ "రాత్రుళ్లు ఒకటే పక్క మీద..." అనబోతే, ఆయన "గసగసాల పాలు తాగండమ్మా..." అంటాడు. పోం! "మంచి చెబితే మొట్టికాయలా!" అని ఆయన గొణుగుడు.

నూకరాజు వచ్చిన మొదటి ఆదివారం చేతులు వణికి నేను నా అంతట నేనే మోగాను. ఖాదర్ భాయ్ అతన్ని తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఏళ్లతరబడి తాగినవాడు మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందట, ఆ ఆపడానికీ డాక్టరు మందులుండాలట. మందుకి మందే విరుగుడని నేను నవ్వుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆదివారం తప్పలేదు. బావమరిది పెళ్లిలో ఒకసారి జారాడు. ఆ ఆదివారం తల దించుకుని వచ్చి, "తాగేనండి," అన్నాడు. ఎవరూ గెంటలేదు. "తాగే ముందు ఏం జరిగిందో సెప్పు," అన్నాడు ఖాదర్ భాయ్, టీ అందిస్తూ.

ఇంతలో ఒక ఆదివారం షట్టర్ కింద నుంచి తల వంచుకుని గంగాభవాని వచ్చింది, వెనకాల మౌనిక. అప్పటికి నేను నూకరాజు చేతిలోనే ఉన్నాను. అతని చెమట నా బుడ్డి మీద జారింది.

"మారేవంట. అంతా అంటన్నారు," అంది గంగాభవాని కూర్చోకుండా. "అప్పుడు చెయ్యెయ్యొద్దన్నాను, ఇప్పుడు నేనే అడుగుతన్నాను, ఇంతమందిలో దీని తల మీద చెయ్యేసి ఒట్టెయ్యి. ఏస్తే ఇయ్యాలే సామాను సర్దుకుని ఇంటికొచ్చేత్తాం. ఎయ్యలేదా, నీకింకా తాగాలనుందనే లెక్క."

"న్యాయమైన కోరికేనయ్యా, ఒక్క ఒట్టు..." అన్నాడు పేర్రాజు గారు. నూకరాజు నన్ను నొక్కలేదు. అది చూసి నాకు భయం వేసింది. సుభాషిణి టీచరు టీ గ్లాసు కింద పెట్టేసింది. ఖాదర్ భాయ్ నోరు తెరిచి, తన రూలు తనకే గుర్తొచ్చి మూసుకున్నాడు.

మౌనిక వచ్చి తండ్రి ముందు నిలబడింది. ఒక్క మాట చాలు, ఇవాళే ఇల్లు నిండుతుంది. నూకరాజు కుడిచెయ్యి లేచింది. పిల్ల తల దాకా వెళ్లి, గాలిలోనే ఆగింది.

అప్పుడు ఎడంచెయ్యి నన్ను నొక్కింది. పోం!

"ఉందే, తాగాలని ఉంది," అన్నాడు నూకరాజు. "పొద్దుగూకితే నరాలు లాగేత్తాయి. ఒట్టెయ్యడం నాకు తేలికే, ఎన్నెయ్యలేదు? మళ్లీ జారితే నీకు సెప్పలేను, ఇంకో అబద్ధం ఆడతాను. ఆ అబద్ధం దీని నెత్తి మీదే కూకుంటాది. ఎయ్యనే. దీని తల తాకట్టెట్టను."

"మరి నేను దేన్ని సూసి రావాలి?" అంది గంగాభవాని.

"వచ్చే వారాన్ని సూడు. ఎలుతురుండగానే బండి మీ ఇంటి ముందెడతాను. తాళం నీ సేతికిత్తాను. మీ నాన్న గదిలో ముసుగెట్టి తొంగుంటాను, లేదంటే ఇక్కడికొచ్చి భాయ్‌తో స్పానర్లు తుడుత్తాను. తాగితే తాగేనని నీకే ముందు సెప్తాను."

గంగాభవాని టైరు మీద కూలబడింది.

"అయితే ఆ వైన్స్ రోడ్డు మానెయ్యి, వంతెన మీంచి తిరిగెల్లు. నీతో తాగే ఆ బుల్లబ్బాయి ఫోను సేత్తే ఎత్తకు. పొద్దున్నే సద్దన్నం తిని బయల్దేరు, ఖాళీ కడుపుతో..."

పోం!

ఈసారి నొక్కింది నూకరాజు కాదు. మౌనిక. ఎప్పుడు లాక్కుందో తండ్రి చేతిలోంచి నన్ను లాక్కుని, రెండు చేతులతో బుడ్డి నొక్కి, తల్లి వైపు తిరిగి, "సలహా ఇత్తే నొక్కాలంట గదా, నాన్న సెప్పేడు," అంది. షెడ్డంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది పేర్రాజు గారు. ఇన్నాళ్లకి సలహాల్లో ఆయనకో తోడు దొరికింది.

"కన్నకూతురికే లోకువైపోయేను," అంది గంగాభవాని కళ్లు తుడుచుకుంటూ. "ఇయ్యాల రాం. ముందు రేపు ఆ తాళం తెచ్చియ్యి. సూద్దాం."

వాళ్లు లేచారు. షట్టర్ దగ్గర మౌనిక ఆగి, జారిపోయిన రిబ్బను పీకి తండ్రికి అందించింది. "బడిలో అందరూ నా జడ వంకరంటన్నారు. అమ్మకి రాదు."

నూకరాజు చేతులు చొక్కాకి రుద్దుకున్నాడు. మళ్లీ రుద్దుకున్నాడు. ఆ తర్వాత పిల్ల తల మీద చెయ్యి పెట్టి, పాయలు సరిచేసి, రిబ్బను కట్టాడు. ఒట్టు లేదు, శపథం లేదు. ఉత్త చెయ్యి. పిల్ల అప్పుడే మొదలుపెట్టింది, బళ్లో జరిగినవీ జరగనివీ.

నేను టైరు మీద ఉన్నాను. షట్టర్ దించారు. ఇంకా ఆదివారం మధ్యాహ్నమే. రేపు వెలుతురుండగా ఆటో వంతెన ఎక్కుతుందో, వైన్స్ రోడ్డు పడుతుందో నాకు తెలియదు. సొట్టపోయిన మూతిని షట్టర్ సందు వైపు పెట్టుకుని, వీధిలో పోయే ప్రతి ఆటో చప్పుడూ వింటున్నాను. అన్నాను కదా, కుదురు నా వంశంలో లేదు.