రాకాసి గుళ్ళ ముసలమ్మ

ప్రభాకర్ కొత్తగూడెంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడు. పర్ణశాల వైపు అడవిలో, నిలబెట్టిన బండల మీద పెద్ద పలక కప్పిన పాతకాలపు సమాధులున్నాయి. జనం వాటిని రాకాసి గుళ్ళంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన ఒక్కో రాయీ కొలిచి, బొమ్మ గీసి పెట్టుకున్నాడు. ఆదివారాలు ఆయన వెంట తిరిగే చరిత్ర పిచ్చివాళ్ళు ఆరుగురు.

వాళ్ళలో టీచరమ్మ పుష్పలత చేరి ఏడాది కూడా కాలేదు. అలాంటిది, ఓ ఆదివారం మిట్టమధ్యాహ్నం ఒక సమాధి వెనకనుంచి ఒళ్ళంతా చెమటతో వచ్చింది.

"సార్, ఒక ముసలమ్మ... చంకల కుండ ఉన్నది. 'ఎవరింటి బిడ్డవే?' అని అడిగింది. చూస్తుండంగనే మాయమైంది."

ఎవరూ నవ్వలేదు. శాసనాలు చదివే వీరన్నైతే చెప్పులు విడిచి సమాధికి దండం పెట్టాడు. ఆ రోజునుంచీ అందరూ ఆమె చుట్టే. ప్రభాకర్ కొలతల పుస్తకం చూపమన్నవాడు లేడు.

దయ్యం ఉందా లేదా అన్న అనుమానం ఆయనకు లేదు. కడుపుమంటల్లా ఒకటే: నిన్నగాక మొన్న వచ్చినదానికి కనబడి, నాకెందుకు కనబడలేదు?

బుధవారం ఒక్కడే బస్సెక్కి పోయి, పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. బీడీల తునికాకు కోస్తున్న పక్క ఊరి నాగక్క ఎదురైతే అడిగాడు.

"ఇక్కడ ముసలమ్మ కనబడతదట, నిజమేనా నాగక్కా?"

"అవ్ సారూ. నాకు రెండుసార్లు కనబడ్డది. మా ఇంటాయనకూ కనబడ్డది. ఆమె వస్తే మా మేకలు గూడ పక్కకు జరుగుతయ్."

మేకలకు కూడా!

మరుసటి ఆదివారం అందరూ సద్దులు విప్పుతుండగా, "నాకూ కనబడ్డది" అనేశాడు.

పుష్పలత చేతిలో ముద్ద ఆగింది. "ఏమన్నది సార్?"

"ఎవరింటి బిడ్డవురా అన్నది. మస్తు సేపు మాట్లాడింది."

ఆమె ముఖం మాడిపోయింది. "నన్నొక్కదాన్నే అడిగిందనుకున్న" అని గొణిగి, అన్నం పక్కకు పెట్టేసింది. ప్రభాకర్‌కు మొదట హాయిగా అనిపించింది. కాసేపటికి తనూ సద్ది మూట కట్టేశాడు.

తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చున్నాడు. "అబద్ధమాడిన బిడ్డా. నాకేం కనబడలే. నీ మీద కుళ్ళుతోని గట్ల అన్న."

"నన్ను సముదాయించనీకి అంటున్నరు సార్. మీది ఇన్నేండ్ల కష్టం. మీతోనే మాట్లాడుతది గదా" అంటూ ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఎంత చెప్పినా నమ్మలేదు. గుంపుతో రావడం మానేసి, సెలవు పెట్టి ఒక్కతే గుళ్ళకు పోతోందని నెల తర్వాత నాగక్క చెప్పింది.

"మళ్ళ కనబడ్డదా ఆమెకు?" ఆత్రంగా అడిగాడు ప్రభాకర్.

"లేదట సారూ. ఏడ్చుకుంట పోయింది."

అయ్యో అన్నాడు పైకి. లోపల మాత్రం, నెల రోజులకు, ప్రాణం కుదుటపడింది.