పదకొండు జతల కాళ్ళు

ఎవరి కళ్ళు పడ్డాయో గానీ, ఆ ఏడాది ఫుట్‌బాల్ జట్టులో దెబ్బ తగలని కాలు వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. ఒకడికి తొడ కండరం పట్టేసింది, ఇంకొకడికి పాదంలో ఎముక చిట్లింది, కెప్టెన్‌కు మోకాలు వాచింది. ఎడమ వైపు ఆడేవాడైతే మైదానంలో ఎంతమంది మీద పడినా చెక్కుచెదరక, ఇంటికెళ్ళి స్నానాల గదిలో జారిపడ్డాడు. చివరి మ్యాచ్ నాటికి పరుగెత్తగలిగినవాళ్ళు సరిగ్గా పదకొండు మంది మిగిలారు. ఆ మ్యాచ్ ఓడకపోతే చాలు, కప్పు తేల్చే ప్లేఆఫ్‌కు వెళతారు. ఓడితే ఇంటికి.

ఈ లెక్క కోచ్ కంటే బాగా తెలిసినవాడు జట్టు బస్సు డ్రైవరు. ఆటగాళ్ళంతా ఆయన్ను బాబాయి అంటారు. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఆ జట్టును ఊరూరా తిప్పుతున్నాడు గానీ, ఒక్కసారీ ప్లేఆఫ్‌కు తీసుకెళ్ళే భాగ్యం కలగలేదు. పోయేలోపు ఆ ఒక్క ట్రిప్పు వేయాలని ఆయన కోరిక.

ఆ పొద్దున ఇంట్లో దిండ్లన్నీ మోసుకెళ్ళి, వీధిలో ఆపిన బస్సు సీట్ల మీద వేస్తుంటే భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

"నొప్పులు పడుతున్న నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు ఒక్క గుంతయినా వదిలారా? అప్పుడీ దిండ్లు ఏమైపోయాయండీ?"

"అప్పుడు నువ్వొక్కదానివేనే. వీళ్ళు పదకొండు మంది," అన్నాడు బాబాయి. అనేశాక గానీ ఏమన్నాడో తెలిసిరాలేదు. ఆ పూట ఆయనకు కాఫీ దక్కలేదు.

బస్సు బయల్దేరింది. బయల్దేరిందని అనుకోవాలంతే. గుంత కనిపిస్తే బ్రేకు, కనిపించకపోతే ఎక్కడో ఉండే ఉంటుందని బ్రేకు. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలాయన దాటుకుపోతూ, బండి చెడిందేమోనని జాలిగా చూశాడు.

"కాస్త తొక్కవయ్యా బాబాయ్! టైముకి చేరకపోతే ఆడకుండానే ఓడిపోతాం!" అని కోచ్ లేచి నిలబడి అరిచాడు.

"ఆడాలంటే కాళ్ళుండాలి కదా సార్. కూర్చోండి, పడతారు."

"ఈ వేగానికి పడదామన్నా పడలేనయ్యా!"

తీరా మైదానం గేటు దగ్గరికి చేరేసరికి లోపల ఎదుటి జట్టు అప్పుడే వరుసకట్టి నిలబడి ఉంది. "దూకండి! పరుగెత్తండి!" అన్నాడు కోచ్. అందరూ ఒక్కసారిగా తలుపు మీద పడ్డారు. ఆఖరి మెట్టు మీద, గోల్ కాసే గోలీ కాలు మడతపడింది. సముద్రాలు ఈదినవాడు పిల్లకాలవలో మునిగాడన్నట్టు, దారిపొడవునా కాపాడుకొచ్చిన పదకొండు జతల్లో ఒకటి బస్సు దిగుతుండగానే పోయింది.

కోచ్ బాబాయి వైపు తిరిగి నోరు తెరిచాడు. తనకు తెలిసిన తిట్లలో ఏదీ సరిపోదనిపించి మూసేశాడు. ఊరికే బెంచీ మీద కూర్చుందామని వచ్చిన కెప్టెన్, గోలీ చేతి తొడుగులు తీసుకున్నాడు. "గోల్లో నిలబడితే చాలుగా సార్, పరుగెత్తక్కర్లేదు," అంటూ కుంటుకుంటూ లోపలికి పోయాడు.

గోలీకి తోడుగా బాబాయి బస్సులోనే ఉండిపోయాడు. అసలు ఆయన ఏ మ్యాచూ కళ్ళారా చూడడు, గుండె తట్టుకోదు. స్టీరింగు ముందు కూర్చుని జనం గోల బట్టి ఆట పట్టేస్తాడు. పరాయి ఊళ్ళో జనం అరిస్తే మనకు చేటు, నోరు మూసుకుంటే మనకు మేలు.

చాలాసేపు గోల పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఆట చివరికొస్తోందనగా జనం ఒక్కపెట్టున అరిచారు. బస్సు అద్దాలు గలగలలాడాయి.

బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా వల్లేరా. ఎప్పటిలా తోలుకొచ్చుంటే నిమ్మళంగా దిగేవాడివి."

"అవును బాబాయ్, నీ వల్లే," అన్నాడు గోలీ. ఆ నొప్పిలో వాడికి అబద్ధమాడే ఓపిక లేదు.

కాసేపటికి గోల తెగిపోయింది. ఒక్క ఈల లేదు, ఒక్క చప్పట్ల చప్పుడు లేదు.

"మనం కొట్టాం!" అని గోలీ లేవబోయాడు.

"కొట్టామా, లేక మనవాడెవడైనా పడి లేవలేదా? దానిక్కూడా ఇలాగే నోళ్ళు పడిపోతాయి."

బాబాయి ఇక ఆగలేకపోయాడు. గోలీని వీపు మీద వేసుకుని గేటు వైపు పరుగు తీశాడు. గుంతలన్నీ ఆయన కాళ్ళ కిందకే వచ్చాయి.

"మెల్లగా బాబాయ్! చచ్చిపోతున్నా!"

"నోర్మూసుకుని గట్టిగా పట్టుకో!"

గేటు దాటేసరికి బోర్డు మీద ఒకటి, ఒకటి. రెఫరీ ఆఖరి ఈల ఊదాడు. మనవాళ్ళు పదిమందీ కేకలు పెడుతూ పరుగెత్తి కెప్టెన్ మీద గుట్టగా పడ్డారు.

"లేవండ్రా! వాడి మోకాలురా! ఒకడి మీద ఒకడు పడి చస్తారేంట్రా!" అంటూ బాబాయి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. వీపు మీద ఉన్నవాడి సంగతి చేతులెత్తాక ఎవరికి గుర్తుంటుంది? గోలీ దబ్బున కింద పడ్డాడు.

"అమ్మో, మోచెయ్యి! బాబాయ్, ప్లేఆఫ్‌కి వచ్చేశామా? చెప్పు బాబాయ్!"

బాబాయికి వినిపిస్తే కదా. అప్పటికే ఆయన ఆ గుట్టలోంచి ఒక్కొక్కడినీ చొక్కా పట్టి లాగుతూ, ఏడుస్తూ, తిడుతూ, వాళ్ళ కాళ్ళు తడిమి చూసుకుంటున్నాడు.