గోడ మీది నూనె మరక

వీధిలో అతన్ని డబుల్ కోటు అంటారు. ఇళ్లకు రంగులు వేసే మనిషి. "ఒక్క కోటు వేసి కానిచ్చెయ్" అని ఇంటివాళ్లు ఎంత బతిమాలినా వినడు. పాత రంగును రేకుతో ఆసాంతం గీకి, గరుకు కాగితంతో రుద్ది, రెండు కోట్లు పడితే గానీ నిచ్చెన మడవడు. ఒక్క కోటు కింద పాతది తొంగి చూస్తూనే ఉంటుందనీ, రెండోది పడ్డాక కింద ఏమున్నా దేవుడికి కూడా కనపడదనీ అతని వాదన. ఈ మొండితనం వల్ల కూలి ఎప్పుడూ గిట్టలేదు గానీ పేరు మాత్రం నిలబడింది.

నలభై మూడేళ్లొచ్చినా పెళ్లి ఊసెత్తని ఈ పెద్దమనిషికి ఉన్నట్టుండి కార్ల ఆట పిచ్చి పట్టుకుంది. ఒక ఇంట్లో గోడకు రంగు వేస్తుంటే పక్కగదిలో ఎవరో పెద్ద తెర మీద కారు తోలుతున్నారు. తెరలో వాన పడుతోంది, కారు అద్దం మీద చినుకులు జారుతున్నాయి. నిచ్చెన మీద నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. బ్రష్షు నుంచి రంగు కారి చెప్పులో పడ్డా తెలియలేదు. అలాంటి కంప్యూటరు ఒకటి తనకూ ఉండాలి, దాని మీద సినిమాలు కూడా హాల్లో చూసినట్టు చూడాలి, ఇక అదే ధ్యాస.

కొత్తది కొనే తాహతు లేదు. పాత భాగాలు పోగేసి నువ్వే బిగించుకోవచ్చని రిపేరు కొట్టాయన ధైర్యం చెప్పాడు. పక్కవాటాలో వదిన దగ్గర అన్నయ్య కంప్యూటరు ఉంది. అన్నయ్య బస్సు డ్రైవరు. అతను పోయి ఏడాదైంది. ఆ తర్వాత నెల తిరక్కుండానే కంప్యూటరూ మూగబోయింది.

"తీసుకెళ్లవయ్యా. కానీ జాగ్రత్త, అందులో మీ అన్నయ్య ఉన్నారు," అంది వదిన.

ఆ సంగతి అతనికీ తెలుసు. అన్నయ్య కెమెరా కొన్న కొత్తలో, అది పనిచేస్తోందో లేదో తెలియక అరగంట సేపు తనను తానే వీడియో తీసుకున్నాడు. తల దువ్వుకున్నాడు, కెమెరాను తిట్టాడు, వంటింట్లో ఉన్న పెళ్లాన్ని కేకేశాడు. అతని గొంతు మిగిలింది ఆ ఒక్క వీడియోలోనే. ఇంకో కాపీ తీసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

"రెండుసార్లు పిలిచారు. కూర మాడిపోతుందని నేను పలకనే లేదు," అంది వదిన. "నువ్వు కొనబోయే పెద్ద టీవీలో ఒక్కసారి చూపించు. ఈసారి పలుకుతాను."

"ఈ ఆదివారం కాదు, పై ఆదివారానికల్లా చూపిస్తా వదినా. మరి ఆ గోడ?"

ఆమె మంచం వెనక గోడ మీద అరచేయంత నూనె మరక ఉంది. అన్నయ్య డ్యూటీ దిగి వచ్చి తల ఆనించి కూర్చునే చోటు. రంగులేసే వృత్తిలో ఉన్నవాడికి అలాంటి మరక కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఏడాదిగా గీకి రంగు వేస్తానని అడుగుతూనే ఉన్నాడు.

"ముందు మనిషిని చూపించు. ఆ తర్వాత గోడ నీ ఇష్టం."

మాటంటే మాటే. మర్నాడే నిచ్చెన, రేకు, బకెట్టు తెచ్చి ఆమె మంచం పక్కన సిద్ధంగా పెట్టేశాడు.

ఇక వేట మొదలైంది. కంప్యూటరు డబ్బా అన్నయ్యది. మూతపడిన ఇంటర్నెట్ సెంటరు నుంచి గ్రాఫిక్స్ కార్డు దొరికింది. టీవీ పెద్దదే గానీ ఓ మూల నల్లటి గీత ఉందని చవగ్గా ఇచ్చారు. స్పీకర్లు రెండూ రెండు రకాలు, ఒకటి అరిస్తే ఇంకోటి గొణుగుతుంది. మిగిలిన రంగులన్నీ కలిపి ముందుగదిని ముదురు బూడిద రంగులోకి దింపాడు, సినిమా హాలులా చీకటిగా ఉండాలని. పగలు కూడా ఆ గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చేది.

కొట్టాయన ఒక సెకండ్ హ్యాండ్ డిస్క్ ఇస్తూ చెప్పాడు: "ఇందులో పాతవాళ్ల సరుకేదో ఉంటుంది, మొత్తం చెరిపి విండోస్ వేసుకో. మీ అన్నయ్య వీడియో ఉన్న డిస్క్‌కి మాత్రం అప్పటిదాకా వైరు పెట్టకు. రెండూ ఒకే సైజు, పొరపడతావు."

విన్నాడు, బుర్ర ఊపాడు. కానీ సగం పని చేసి డబ్బా మూయడమంటే అతనికి ఒళ్లు కంపరం. ముందు కొత్తగా తెచ్చిన డిస్క్ బిగించాడు, తర్వాత అన్నయ్యది. వైర్లన్నీ ముచ్చటగా కట్టి మూత వేసి, నాలుగు స్క్రూలూ తిప్పాడు. అప్పుడు గానీ కరెంటు పెట్టలేదు.

తెర మీద డిస్కుల జాబితా వచ్చింది. సున్నా అని కొన్ని వరసలు, ఒకటి అని కొన్ని. ముందు బిగించింది కొత్తదే కదా, ముందున్న సున్నా అదే అనుకున్నాడు. ఏ సాకెట్లో ఏ వైరు ఉందో చూసి యంత్రం లెక్క వేసుకుంటుందని అతనికెలా తెలుస్తుంది? సున్నా కింద నాలుగు వరసలు, పాత రంగు పెచ్చుల్లా. ఒక్కొక్కటీ నొక్కి చెరిపాడు. అంతా ఖాళీ అయ్యాక, గీకిన గోడను చూసినంత హాయిగా అనిపించింది. దాని మీద విండోస్ వేశాడు. దాని మీద కార్ల ఆట వేశాడు. ఆట ఎంత పెద్దదంటే రెండు రోజులు దిగుతూనే ఉంది.

తర్వాత మూడు రోజులు పనిలోకి వెళ్లలేదు. తెరలో వాన పడుతుంటే ఒళ్లు మరిచి కారు తోలాడు.

ఆదివారం పొద్దున వదిన కోసం వీడియో వెతికాడు. రెండో డిస్క్ తెరిచాడు. ఎవరి పిల్లలవో ఫొటోలు. ఎవరిదో కరెంటు బిల్లు. ముక్కూమొహం తెలియని ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. అది కొట్లో తెచ్చిన డిస్క్.

డబ్బా చంకన పెట్టుకుని కొట్టుకు పరుగెత్తాడు. కొట్టాయన అంతా చూసి కళ్లజోడు తీశాడు.

"చెరిపి ఊరుకున్నా ఏదో తిప్పలు పడి తీసేవాణ్ణి. దాని మీద విండోస్ వేశావు, ఆ పైన ఇంత ఆట నింపావు. ఇంకా కింద ఏం మిగులుతుంది చెప్పు?"

అతనికి చెప్పాలా ఆ మాట? ఇరవై ఏళ్లుగా ఊరందరికీ తనే చెబుతున్నాడు. డబ్బా మళ్లీ చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

మధ్యాహ్నం వదిన వచ్చింది. తలస్నానం చేసి మంచి చీర కట్టుకుంది. కుర్చీ తనే లాక్కుని టీవీకి ఎదురుగా వేసుకుంది.

"గది బాగా చీకటిగా చేశావే. స్పీకరు గట్టిగా పెట్టు, నాకు వినపడాలి."

అతను నేల మీద చతికిలబడ్డాడు. "గీకేశాను వదినా," అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను మిగతాది చెప్పాడు, సున్నా సంగతి, ఆట సంగతి, మూడు రోజుల సంగతి, ఏదీ దాచలేదు. ఆమె నల్లటి టీవీ వైపే చూస్తూ విన్నది.

"రెండు కోట్లూ వేశావా?"

"వేశాను."

తిడుతుందేమోనని తల వంచుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె లేచి, కుర్చీని తెచ్చిన చోటే పెట్టింది.

"ఆ గోడ జోలికి మాత్రం రాకు," అంది.

సాయంత్రం ఏదో ఒకటి మాట్లాడాలని ఆమె వాటా దగ్గరికి వెళ్లాడు. నిచ్చెన, రేకు, బకెట్టు గడప బయట ఉన్నాయి. తలుపు లోపల గడియ వేసి ఉంది.