గడీ కచేరీలో కొత్త చెప్పులు

దొరల కచేరీని కూలగొట్టాలా వద్దా అన్నది తేల్చడానికి న్యాల్‌కల్ దగ్గరి ఆ ఊరి కొత్త పంచాయతీ ఆ రోజు కూర్చుంది. కూర్చున్నది కూడా ఆ కచేరీలోనే. సభ్యుల్లో ఒకే ఒక్క ఆడమనిషి సంగమ్మ. కూలగొట్టొద్దని ఆమె పట్టు.

ఏం కచేరీ అది! మూరెడు మందాన ఎర్రరాయి గోడలు, ఇప్పటికీ పగుళ్లు లేని గచ్చు, కౌగిట్లో ఇమడని టేకు స్తంభాలు. నడుమ ఎత్తైన గద్దె, దాని మీద ఒకప్పుడు దొర. కింద బండల మీద చెప్పులు విడిచి, రుమాలు చేతబట్టుకుని రైతులు. దొర నోటిమాటే తీర్పు. ఆ రాళ్లు వెట్టికి మోసినవాళ్లలో సంగమ్మ మామ ఒకడు. ఎద్దు దొర చేలో పడ్డ పాపానికి ఆమె మొగుడు వీరప్ప పొద్దుగూకేదాకా ఈ బండల మీదే వంగి నిలబడ్డాడు.

"మన నెత్తి మీద కూసున్న ఇల్లు గిది, చిన్నమ్మా. సాఫ్‌గ కూలగొడ్దాం. మన పోరగాండ్లకు గీ నిషాని గూడ కనపడొద్దు" అన్నాడు సర్పంచి శరణప్ప.

అందరూ తలలూపారు. అతని కోపంలో తప్పేమీ లేదు. సంగమ్మ ఏదో చెప్పబోయి చుట్టూ చూసింది. గద్దె ఖాళీగా ఉంది. సర్పంచితో సహా పంచాయతీ మొత్తం కింద బండల మీద ఒదిగి కూర్చుంది. చెప్పులన్నీ గుమ్మం బయటే. జహీరాబాద్ అంగట్లో ఇందుకోసమే కొన్న తన కొత్త చెప్పులూ అక్కడే. దొర పట్నం పోయి పదేళ్లు దాటింది. ఆమెకు ఒళ్లు మండింది, ముందుగా తన మీదే.

"శరణప్పా, చెప్పులేడ ఇడ్సినవ్?"

"బయట."

"ఎవలు ఇడ్వమన్నరు? గుడా ఇది?"

శరణప్ప గుమ్మం వైపు చూశాడు.

"గోడలు కూలగొడ్తవ్ సరే, గీ భయాన్ని దేంతోని కూలగొడ్తవ్?"

సంగమ్మ లేచి బయటికి వెళ్లింది. చెప్పులు తొడుక్కుని, టపటపా నడుచుకుంటూ వచ్చి గద్దె ఎక్కి కూర్చుంది.

"మా మామ మోసిండు, మీ తాతలు మోసిన్రు. దొర ఒక్క రాయన్న ఎత్తిండా? మనం కట్టిన ఇల్లు గిది. మనదాన్ని మనమే కూలగొట్టుకుంటమా?"

శరణప్ప లేచి బయటికి నడిచాడు. కోపం వచ్చి పోతున్నాడనుకుంది సంగమ్మ. అంతలో బండల మీద కిర్రుకిర్రుమని చెప్పుల చప్పుడు. అతని వెనకే మిగతావాళ్లూ.

"జర జరుగు చిన్నమ్మా" అన్నాడు శరణప్ప గద్దె ఎక్కుతూ, "సర్పంచికి జాగ లేకుంటె ఎట్ల?"