ఆల్ప్స్ మలుపులో డ్రైవరు

యూరప్ బస్సు టూరు నుంచి వచ్చిన రెండో రోజే సాత్విక్ ఫోటోలు వాళ్ళమ్మ సీతాలక్ష్మి చేతికి చిక్కాయి. ఖతర్‌లో, అల్ ఖోర్ ఊళ్ళోని తమ ఫ్లాట్‌లో కూర్చుని ఆవిడ ఒక్కొక్కటే వేలితో జరుపుతూ, కుర్రకారంతా బస్సు ముందు నిలబడి దిగిన ఫోటో దగ్గర ఆగింది. మధ్యలో ఉన్న నెరిసిన మీసాల పెద్దాయన ఎవరని అడిగింది.

"మా బస్సు డ్రైవరమ్మా. చనిపోయాడు."

ఎప్పుడని ఆవిడ అడిగితే, దారిలోనే, బస్సు నడుపుతుండగానే అని చెప్పాడు. ఆపైన ఆపుకోలేక మొత్తం చెప్పేశాడు.

ఆల్ప్స్ కొండల్లో దిగుడు దారి. వెనక పాటలు, చప్పట్లు. సాత్విక్ ముందు సీట్లోంచి లోయను వీడియో తీస్తున్నాడు. ఉన్నట్టుండి బస్సు రోడ్డు అంచునున్న ఇనుప కంచెను రాసుకుంటూ పోయింది. చూస్తే డ్రైవరు తల వాలిపోయి ఉంది. గైడు అమ్మాయి ఒక్క ఉరుకున స్టీరింగ్ పట్టుకుంది. సాత్విక్ చేతికందిన హ్యాండ్ బ్రేకు లాగేశాడు. బస్సు ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆయనకు మాత్రం ఊపిరి లేదు. స్పీకర్లో పాట ఇంకా మోగుతూనే ఉంది.

సాయంత్రానికి వేరే బస్సు, వేరే డ్రైవరు వచ్చారు. మర్నాడు అందరూ వెనిస్‌లో పడవెక్కారు.

సీతాలక్ష్మి ఆ పడవ ఫోటో తెరిచింది. కొడుకు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

"ఇది మర్నాడేనా?"

"మర్నాడే. నవ్వమన్నారు, నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలీదమ్మా."

ఆవిడ ఫోను బోర్లించి పెట్టింది. ఆ డ్రైవరు పేరేమిటని అడిగింది. రోజూ పొద్దున్నే పలకరించి బస్సెక్కించుకున్న మనిషి. పేరు ఏనాడూ అడగలేదని సాత్విక్‌కు అప్పుడే తట్టింది.

ఆదివారం డ్యూటీ. రాస్ లఫాన్‌లోని గ్యాస్ ప్లాంటుకు వెళ్ళే కంపెనీ బస్సు ఎక్కాడు గానీ కూర్చోలేకపోయాడు. డ్రైవరు వెనకున్న కమ్మీ పట్టుకుని, అతని మెడ వంకే చూస్తూ నిలబడ్డాడు. డ్రైవరు కమాలుద్దీన్‌ది నిజామాబాద్ వైపు. కూర్చోమని రెండుసార్లు చెప్పి, వినకపోయేసరికి బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఏమైందని అడిగాడు. సాత్విక్ చెప్పాడు. వెనక ఎవరో యల్లా, యల్లా అని తొందరపెట్టినా కమాలుద్దీన్ బస్సు కదిలించలేదు.

చివరికి, "కూసోండి సార్," అన్నాడు. "గేటు దాక మాట్లాడుకుంటనే పోత. నా గొంతు ఇనవడుతుంటే మీకు భయమనిపియ్యది."

సాత్విక్ కూర్చున్నాడు. కమాలుద్దీన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా తమ్ముడి కోళ్ళ ఫారం గురించి, తన మోకాలి నొప్పి గురించి, ఈసారి ఎండల గురించి చెబుతూనే ఉన్నాడు. మధ్యలో దగ్గు వచ్చి ఒక్క క్షణం ఆగాడు. సాత్విక్ ఉలిక్కిపడి సగం లేచాడు. మళ్ళీ మాట మొదలయ్యాకే వెనక్కి చేరగిలబడ్డాడు.